ఉప్పుగాలియు, కొలిమిపొగయు, ఊకబూడిదయు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సముద్రతీరమున సిమెంటు కట్టడములకు సోకుచున్న వ్యాధి యొకటి కలదు. దాని లక్షణములను చూడని గృహస్థు లేడు. దాని కారణమును విచారించినవారు మాత్రము కొలదిమంది. స్లాబు అడుగుభాగమున మొదట తుప్పురంగు మరక యొకటి కనబడును. కొన్నాళ్లకు ఆ మరక వెంబడి సన్నని బీట యేర్పడును. ఆ బీట లోపలి యినుప చువ్వ పోయిన దారినే పోవుచుండును. పిమ్మట నొకనాడు పెచ్చు ఊడి నేలబడును. చువ్వ పొరలు పొరలుగా చివికి బయటబడును. మేస్త్రి వచ్చి ఆ చోట సిమెంటు పూసి, సున్నము వేసి పోవును. రెండు మూడు వానకాలములు గడచునప్పటికి ఆ పూతయు ఊడును.

తండ్రి యప్పుచేసి కట్టించిన మేడను ఆ యప్పు తీఱిన కొలది యేండ్లకే కొడుకు కూల్చవలసివచ్చినచో ఆ కుటుంబమునకు మిగిలిన దేమి? గృహస్థుని యిల్లే కాదు. పాఠశాలలు, వంతెనలు, నీటి ట్యాంకులు, తుపాను వచ్చిననాడు పల్లెవారందఱు ప్రాణములు దక్కించుకొనుటకై పరుగెత్తు ఆశ్రయభవనములు సైతము ఈ వ్యాధికి లోబడియున్నవి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపానును, 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపానును ఈ తీరము చూచినది. అట్టి దినమున ఆశ్రయభవనపు కప్పులో చువ్వ చివికియుండుట యెంతటి యపాయమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

“సముద్రము ప్రక్కను కట్టిన యిల్లు ఇంతే” యను నిరాశావాక్యము మనవారి నోట తఱచుగ వినబడును. ఇది విధిలిఖితము కాదనియు, దీనికి మందు కలదనియు, ఆ మందులోని ముఖ్యపదార్థము మన పంటపొలములలోనే పుట్టుచున్నదనియు, అయినను పథ్యము లేని మందు ఫలింపదనియు ఈ వ్యాసమున నిరూపింప దలచినాము.

వ్యాధి నిదానము

శ్రీముఖలింగపు దేవాలయములు వేయేండ్ల నాటివి. అవి నేటికిని నిలిచియుండగా నిన్న మొన్నటి మేడ యేల పెచ్చులూడుచున్నది? రాతిగుడి గోడలో తుప్పుపట్టుటకు ఇనుము లేదు. నేటి కాంక్రీటు బలమంతయు దాని కడుపులోని యినుమునందున్నది. దాని చావును అందుండియే వచ్చుచున్నది.

సాధారణముగ కాంక్రీటులోని యినుము తుప్పుపట్టదు. సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టు సున్నము తీక్ష్ణమైన క్షారగుణము కలది. ఆ క్షారము చువ్వచుట్టు కంటికి కానరాని సన్నని పొరను కల్పించి కవచమువలె కాపాడుచుండును. ఈ కవచమును ఛేదించు శత్రువు ఉప్పు. సముద్రపు తుంపరలతోడను, గాలితోడను వచ్చిన ఉప్పు గోడపై నిలిచి, వానచెమ్మలో కరగి, కాంక్రీటులోని సూక్ష్మరంధ్రముల ద్వారమున మెల్లమెల్లగా లోనికి దిగును. అది చువ్వను చేరిన నాడు కవచము తెగును. తుప్పు తాను తినివేసిన యినుముకంటె రెండు మొదలు ఆఱురెట్ల చోటు నాక్రమించును గనుక ఆ యుబ్బునకు తాళలేక పైనున్న కాంక్రీటు పగులును.

శ్రీకాకుళము జిల్లాకే సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. సంతబొమ్మాళి ప్రాంతమున నౌపడా ఉప్పుమళ్లు ప్రసిద్ధములు. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహ చరిత్రలోను వాని పేరు కలదు. ఎండయు, గాలియు, ఉప్పునీరును కలసి అచ్చటివారికి జీవనోపాధి కల్పించుచున్నవి. ఆ మూడే అచ్చటి కట్టడములకు మృత్యువులైనవి.

అయితే ఉప్పు దూరుటకు ద్వారములు తెఱచినవా రెవరు? ఇచ్చట నేరము సముద్రునిది కాదు, మనది. యాబది కిలోల సిమెంటు బస్తాకు ఇరువది, ఇరువదిరెండు లీటర్ల నీరు పోసినచో తీరపు కాంక్రీటునకు చాలును. ముద్ద జారుగా నుండి తట్టలోనుండి సులువుగ పడవలెనని పనివారు మఱి పది లీటర్లు పోయుదురు. ఆ యధికపు నీరు సిమెంటుతో కలియక, తరువాత ఆఱిపోయి, తానున్న చోటెల్ల సన్నని గొట్టములవంటి రంధ్రములను విడిచిపోవును. ఉప్పునకు రాజమార్గము లవియే. దీనిపై చువ్వకు నరయంగుళపు కప్పైన లేకుండ పోత పోసి, మూడవనాటికే తడుపుట మానినచో ఆ కట్టడము పుట్టుకతోనే రోగి యగుచున్నది.

పూర్వుల యుపాయము

సిమెంటు నీటితో కలిసినప్పుడు రెండు వస్తువులు పుట్టును. ఒకటి కంకరను, ఇసుకను పట్టియుంచు గట్టి బంక. రెండవది మిగులు సున్నము. గట్టిపడిన ముద్దలో నిది రమారమి నాలుగవ వంతువఱకు నుండును. చువ్వను కాపాడు క్షారము దీనినుండియే వచ్చుచున్నను, కట్టడమునకు బలము నిచ్చుటలో దీనికి పాలు లేదు. పైగా నీటిలో కరగుచు, కంకరరాతి చుట్టును పలుచని బలహీనపు పొరగ చేరి యుండును. ఈ మిగులు సున్నములో కొంతదానిని సద్వినియోగము చేయు పదార్థ మేదైన కలదా?

ఈ ప్రశ్నకు సమాధానము రెండువేల యేండ్ల క్రిందటనే దొరకినది. ఇటలీ దేశమున నేపుల్సు నగరము చెంత పొజ్జువోలి యను నూరి అగ్నిపర్వతపు బూడిదను సున్నముతో కలిపి రోమనులు సముద్రపు నీటిలో సైతము రేవులు కట్టిరి. ఆ యూరి పేరుననే సున్నముతో కలిసి గట్టిపడు బూడిదలన్నిటికిని పొజొలానా యను పేరు వచ్చినది. మన దేశమున మన తాపీవారు ఇటుకపొడిని, అనగా సుర్కీని, గానుగలో సున్నముతో నూఱి అదే ఫలమును సాధించిరి. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి పర్యవేక్షణమున మైసూరు సంస్థానమున ఆరంభమైన కృష్ణరాజసాగరపు కట్టకు వాడినది సుర్కీ గారయే. సిమెంటు వచ్చినపిమ్మట గానుగ మూలబడినది; సున్నము నకు తోడు కావలెనన్న జ్ఞానముకూడ దానితోపాటు మూలబడినది.

ఈ పదార్థములన్నిటిలోను పనిచేయు సారము ఒక్కటే: సిలికా, అనగా ఇసుకలోని మూలపదార్థము. కాని యేటియిసుక యేండ్లతరబడి సున్నముతో కలిసియున్నను కరగదు. ఏల యనగా దానిలోని యణువులు పటికబెల్లపు పలుకులోవలె వరుసదీఱి బిగిసియుండును. అగ్నిలో కాలి, వరుస చెదరి, గాజువలె నైన సిలికాయే సున్నముతో కలియును. అది యెంత మెత్తనిదైన అంత చుఱుకుగ పనిచేయును. అట్టి వానిలో మిక్కిలి మెత్తనిది నేటి యింజనీర్లు సిలికా ఫ్యూం అనియు, వర్తకులు మైక్రోసిలికా అనియు పిలుచు బూడిదరంగు పొడి. మనము దానిని సిలికాపొగ యందము.

కొలిమిపొగ కథ

ఉక్కు తయారీకి వలసిన ఫెర్రోసిలికాను లోహమును చేయుటకై పలుగురాతిని బొగ్గుతోను, ఇనుముతోను కలిపి విద్యుత్కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిమికి గురిచేయుదురు. ఆ వేడిమిలో పలుగురాతిలోని కొంత భాగము ఆవిరియై లేచి, పైని గాలి తగులగనే మరల సిలికాగా మాఱి, అతిసూక్ష్మమైన గుండ్రని రేణువులుగ పేరుకొనును. ఆ రేణువు సిమెంటు రేణువులో సుమారు నూఱవ వంతు. ఒక కిలో సిమెంటు రేణువుల పైభాగములనన్నిటిని పఱచినచో సుమారు 300 చదరపు మీటర్లగును. ఒక కిలో సిలికాపొగకు 15,000 మొదలు 30,000 చదరపు మీటర్లగును. పొగచుట్ట పొగలోని రేణువులకు, దీని రేణువులకు పరిమాణమున పెద్ద భేదము లేదు.

చిరకాలము దీనిని గొట్టముల ద్వారమున ఆకాశమునకు వదలివేసిరి. 1950 ల ఆరంభముననే నార్వే దేశపు ట్రోన్‌హైమ్ సాంకేతిక విద్యాలయమువారు దీనిని కాంక్రీటులో కలిపి పరీక్షించిరి. 1970 లలో గాలిని పాడుచేయరాదను చట్టములు కఠినమైనందున నార్వేలోని కొలిములవారు పెద్ద గుడ్డసంచుల జల్లెడలు పెట్టి ఆ పొగను పట్టవలసివచ్చెను. పట్టిన పొడి గుట్టలుగ పేరుకొనగా దాని యుపయోగమును వెదకక తప్పినది కాదు. పరిశోధనాలయమున పుట్టిన జ్ఞానము చట్టపు నిర్బంధముచే వాడుకలోనికి వచ్చినది.

ఇది కాంక్రీటులో రెండువిధముల పనిచేయును. సిమెంటు రేణువుల నడుమనుండు సందులలో దూరి, గులకఱాళ్ల నడుమ ఇసుక నిండినట్లు నిండుట యొకటి. మిగులు సున్నముతో కలిసి దానిని గట్టి బంకగ మార్చుట రెండవది. అందువలన కంకరరాతిచుట్టు నుండు బలహీనపు పొర దృఢమగును. సూక్ష్మరంధ్రములు తెగిపోయి, ఉప్పు లోనికి దిగు వేగము పలురెట్లు తగ్గును. సిమెంటు బరువులో నూటికి 5 మొదలు 10 వంతులు కలిపిన చాలునని భారత ప్రమాణ సంస్థవారి ఐ.ఎస్. 456 నియమావళి చెప్పుచున్నది. ఈ పొడి గుణములకై 2003 లో ఐ.ఎస్. 15388 అను ప్రత్యేక ప్రమాణము వెలువడినది. దాని ప్రకారము ఇందు నూటికి 85 వంతులకు తగ్గకుండ సిలికా యుండవలెను.

ఒక చిన్న ద్వీపపు పాఠము

ఈ విషయమున మనకు మార్గదర్శకము కాదగినది ధనిక మహాదేశము కాదు. మన రెండు జిల్లాల జనములో పదియవ వంతైన లేని ఐస్లాండు ద్వీపము. ఆ దేశమువారు 1958 నుండి ఆక్రనెస్ అను రేవుపట్టణమున స్వంత సిమెంటు చేసికొనుచుండిరి. ఇసుకను సముద్రగర్భమునుండి తోడి, కడుగకయే వాడిరి. ఆ యిసుకలోని రాతిగుణమును, సిమెంటులోని యధికక్షారమును, సముద్రపు టుప్పును కలసి, కాంక్రీటు లోలోపల నుబ్బి బీటలు వాఱినది. 1970 లలో రాజధాని రేక్యవిక్ ప్రాంతపు ఇండ్లు అనేకము ఇట్లు చెడినట్లు కనుగొనిరి.

వారు సముద్రమును నిందించుచు కూర్చుండలేదు. 1979 లో రెండు పనులు చేసిరి. సముద్రపు టిసుకను కడుగనిదే వాడరాదని నిబంధన పెట్టిరి. గ్రుండార్తంగి యనుచోట అప్పుడే ఆరంభమైన స్వదేశపు ఫెర్రోసిలికాను కొలిమినుండి పొగను పట్టి తెచ్చి, సిమెంటు మరలోనే కలిపి నూఱిరి. మొదట నూటికి 5 వంతులు, తరువాత 7½ వంతులు. గృహస్థు బజారున కొన్న బస్తాలోనే మందు కలిసియుండెను. మేస్త్రికి వేఱుగ నేమియు నేర్పవలసిన పనిలేదు. ఆ తరువాత కట్టిన యిండ్లలో ఆ వ్యాధి యణగిపోయెను.

ఇందు మనము గ్రహింపవలసినది రసాయనశాస్త్రము మాత్రమే కాదు. ఒక పరిశ్రమకు పెంటయైనది వేఱొక పరిశ్రమకు ప్రాణమగునని గుర్తించి, ఆ రెంటిని ప్రభుత్వమే ముడివేసినది. స్వదేశీ యనగా నిదియే కాదా?

మన దేశమునను ఇది క్రొత్త కాదు. కర్ణాటకమున కైగా అణువిద్యుత్కేంద్రము నిర్మాణములో నుండగా 1994 మే నెలలో గుమ్మటపు లోపలి కాంక్రీటు పెద్ద పెచ్చుగ ఊడిపడెను. మరల కట్టినప్పుడు సిలికాపొగ కలిపిన హెచ్చుతరగతి కాంక్రీటును వాడిరి. 2009 లో తెఱచిన బొంబాయి బాంద్రా–వర్లీ సముద్రపు వంతెనకును దీనిని వాడిరి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు కిన్‌జువా ఆనకట్ట దిగువ నీటిగుండమును గులకఱాళ్లు తిరుగలివలె తినివేయుచుండగా 1983 లో సిలికాపొగ కాంక్రీటుతోనే బాగుచేసిరి. వంశధారపై గొట్టా బ్యారేజిని, నాగావళిపై తోటపల్లి బ్యారేజిని కాపాడు ఇంజనీర్లకు ఈ యుదాహరణము ప్రత్యేకముగ గమనింపదగినది.

మన కొలిములు, మన పొలములు

ఇక మన యింటి సంగతి. విజయనగరపు సీమలో భూగర్భధనము తక్కువ కాదు. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము మొదట ఆరంభమైనది ఈ సీమలోనే, 1892 లో. చీపురుపల్లి చేరువనున్న కోడూరు గని పేరున కోడూరైటు అను శిలకు శాస్త్రజ్ఞులు నామకరణము చేసిరి. ఆ ఖనిజమును నమ్ముకొని గరివిడికడ శ్రీరామనగరమున ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషనువారి కొలిమి గత శతాబ్దపు నడుమ వెలసెను. పిమ్మట బొబ్బిలి పారిశ్రామికవాడలోను మిశ్రలోహపు కర్మాగారములు వచ్చినవి.

“అయినచో ఆ పొగయే తెచ్చి కలుపుకొందము” అని యెవరైన తొందరపడవచ్చును. అది పొరపాటు. ఈ సీమలోని కొలిములు ప్రధానముగ మాంగనీసు, క్రోమియము మిశ్రలోహముల కొఱకు నెలకొన్నవి. ఆ పొగలో మాంగనీసు మున్నగు లోహపు భస్మములు మెండు. సిలికా నూటికి 85 వంతులుండుట కల్ల. మాంగనీసు ధూళి పీల్చినవారి నరములకు హాని చేయునని వైద్యులు చెప్పుచున్నారు. కావున పొగయంతయు ఒక్కటి కాదు. ఫెర్రోసిలికాను పొగయే సిలికాపొగ. తెలుగుదేశమున పాల్వంచలో 1970 లలో ఫెర్రోసిలికాను తయారీ ఆరంభమైన మాట నిజము. కాని ఈ పరిశ్రమకు అఖండమైన చవుక విద్యుత్తు ప్రాణము. జలవిద్యుత్తు మెండుగానున్న భూటానము వంటి చోట్లనే ఇది వర్ధిల్లుచున్నది. మన తీరమున వాడు సిలికాపొగ బస్తా దూరప్రాంతమునుండి రావలసినదే. సిమెంటుకంటె పలురెట్ల వెల పెట్టి కొనవలసినదే.

మఱి మన స్వంత ధనము లేదా? కలదు. వరిమొక్క భూమిలోని సిలికాను నీటితో పీల్చి గింజపై ఊకగ నిలుపుకొనును. వడ్లబరువులో నూటికి సుమారు 20 వంతులు ఊక. ఊకను కాల్చినచో దాని బరువులో మరల సుమారు 20 వంతులు బూడిద. ఆ బూడిదలో నూటికి 85 మొదలు 95 వంతులు సిలికా! పలుగురాయిని 2000 డిగ్రీలకు కాచి నార్వేవారు సంపాదించిన పదార్థమును మన వరిచేను ఎండ వానలతోనే తయారుచేయుచున్నది.

లెక్క వేయుదము. ఒక టన్ను వడ్లు మరలో ఆడించినచో 200 కిలోల ఊక. దానినుండి 40 కిలోల బూడిద. ఒక ఘనపుమీటరు కాంక్రీటులో 350 కిలోల సిమెంటు వాడినచో అందు పదియవ వంతు 35 కిలోలు. అనగా ఒక టన్ను వడ్ల బూడిద ఒక ఘనపుమీటరు కాంక్రీటునకు చాలి, కొంత మిగులును. వంశధార, నాగావళి ఆయకట్టుల పంటను తలచుకొన్నచో ఈ నిధి యెంతటిదో పాఠకులే యూహింపగలరు. నేడు ఆ ఊక బాయిలర్లలోను, ఇటుకబట్టీలలోను కాలి, బూడిద గాలికి లేచి దారినపోవువారి కండ్లలో పడుచున్నది.

అయితే బట్టీలోని నల్లబూడిద యెత్తుకొనివచ్చి కాంక్రీటులో పోయరాదు. ఊకను సుమారు 600, 700 డిగ్రీలు మించకుండ మెల్లగ కాల్చినప్పుడే సిలికా చుఱుకుగ నుండును. వేడిమి మితిమీఱినచో అది మరల పలుకుగట్టి యిసుకతో సమానమగును. పైగా ఆ ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు. వేడిమి చాలకున్న బొగ్గు మిగిలి నీటిని త్రాగివేయును. కాల్చిన బూడిదను మెత్తగ నూఱవలెను. 1970 లలో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున భారతీయుడైన ఆచార్య పి. కె. మెహతాగారు ఈ కాల్చువిధానమునందు ప్రసిద్ధమైన కృషి చేసిరి. ఐ.ఎస్. 456 సైతము పరీక్షకు నిలిచిన ఊకబూడిదను అధికారుల యనుమతితో వాడవచ్చుననుచున్నది. శాస్త్రము కలదు, ఊక కలదు, అనుమతి కలదు. కొఱవడినది సరియైన పొయ్యియు, పరీక్షయు, పూనికయు.

పథ్యము లేని మందు

ఇంతవఱకు మందు మహిమ చెప్పితిమి. ఇక పథ్యము. సిలికాపొగ తాయెత్తు కాదు. దాని రేణువుల పైభాగము అపారమైనది గనుక అది నీటిని మిక్కుటముగ కోరును. పనివాడు మామూలుగ నీరు పోసి జారుచేసినచో కలిపిన వెలయంతయు బూడిదలో పోసిన పన్నీరే. నీరు పెంపక ముద్దను జారుచేయు ద్రవము, సూపర్ ప్లాస్టిసైజరు అనబడునది, తప్పక తోడుండవలెను. బస్తాలలో వచ్చు పొడి ఉండలు గట్టియుండును. పారతో నేలమీద కలిపినచో ఆ యుండలు విడవు. కంకరతోపాటు మిక్సరులో వేసి యెక్కువసేపు త్రిప్పవలెను.

మఱియొక యపాయము కలదు. మామూలు కాంక్రీటు పోసినతోడనే కొంతనీరు పైకి తేలి పైభాగమును తడిగా నుంచును. సిలికాపొగ కలిపినదానిలో నీరు పైకి రాదు. మన తీరపు టెండలో, ఈదురుగాలిలో, ఆ పైభాగము గంటలోపలనే యెండి బీటలు వాఱవచ్చును. పోత ముగిసిన వెంటనే తడిగోనెలు కప్పవలెను. ఇట్టి మిశ్రపదార్థములు వాడినచోట కనీసము 10 దినములు, మేలైనచో 14 దినములు తడుపవలెనని నియమము. ఆ పదునాలుగు దినముల నీటికూలి మిగుల్చుకొన్నవాడు ఇల్లు పోగొట్టుకొన్నట్లే. పొడి కలుపు కూలీల ముక్కునకు, నోటికి తగిన ముసుగు నిచ్చుట యజమాని ధర్మము.

అన్నిటికంటె ముందు మూలసూత్రములు. తీరప్రాంతపు ఆర్‌.సి.సి. పనికి ఎం 30 తరగతికి తగ్గిన కాంక్రీటు పనికిరాదు. సముద్రపు తుంపర నేరుగ తగులుచోట ఎం 35. అలలు వచ్చిపోవు చోట ఎం 40. చువ్వపై కాంక్రీటు కప్పు వరుసగ 45, 50, 75 మిల్లీమీటర్లుండవలెను. ఇవన్నియు ఐ.ఎస్. 456 లో అచ్చుపడియే యున్నవి. సముద్రపు టిసుకగాని, ఉప్పునీటి బావినీరుగాని వాడినవాడు శత్రువును తానే లోపల పెట్టి తలుపు మూసినవాడు. ఈ నియమములను పాటింపక సిలికాపొగ బస్తా కొన్నవాడు వైద్యుని ఫీజు చెల్లించి విషము త్రాగినవానితో సమానుడు.

ఎవరికి ఏది తగును?

ప్రతి గృహస్థును దీనిని కొనవలెనని మా యభిప్రాయము కాదు. సామాన్యపు టింటికి కొలిమిచిట్టెము కలిపిన స్లాగు సిమెంటుగాని, బొగ్గుబూడిద కలిపిన పొజొలానా సిమెంటుగాని, నీరు తగ్గించి, కప్పు సరిగనుంచి, బాగుగ తడిపినచో చాలవఱకు రక్షణ నిచ్చును. సముద్రపు పనులకు ఈ సిమెంట్లు మేలని ప్రమాణమే చెప్పుచున్నది. విశాఖ ఉక్కు కర్మాగారపు చిట్టెము, పరవాడ సింహాద్రి విద్యుత్కేంద్రపు బూడిద మనకు చేరువలోనే కలవు. వీనికి వెలయు తక్కువ.

కాని ప్రజాధనముతో, ప్రజల ప్రాణరక్షణకై, ఉప్పుగాలికి ఎదురుగ కట్టు పనులు వేఱు. తుపాను ఆశ్రయభవనములు, కాలువలపై వంతెనలు, చేపలరేవులు, ఉప్పుమళ్ల నడుమ కట్టు నీటిట్యాంకులు — వీనికి సిలికాపొగ వెల అధికమని వెనుదీయుట పిసినితనము కాదు, అవివేకము. ఘనపుమీటరునకు వలసినది 28, 30 కిలోలు మాత్రమే. దానిని మిగిల్చి, ఇరువది యేండ్లకు వంతెన కూల్చి మరల కట్టుటలో పొదుపు ఎచ్చట నున్నది? 2023 ఏప్రిల్ నెలలో మూలపేట రేవునకు శంకుస్థాపన జరిగినది. అట్టి పెద్ద పనులకు పెద్ద కంపెనీలు, పెద్ద యింజనీర్లు కలరు. వారు తమ లెక్కలు తాము చూచుకొందురు. మా విచారమంతయు పంచాయతీ వంతెనను గూర్చి, పల్లెబడిని గూర్చి, జాలరిపేట ఆశ్రయభవనమును గూర్చి. అచ్చట లెక్క అడుగువారు లేరు.

కావున మా సూచన లివి. తీరమునుండి కొలది కిలోమీటర్లలోపల ప్రభుత్వము కట్టు ప్రతి కాంక్రీటు పనికి టెండరులోనే నీటి నిష్పత్తి, చువ్వపై కప్పు, తడుపు దినములు, మిశ్రపదార్థము స్పష్టముగ వ్రాయవలెను. పోసిననాడు ఘనములు పోసి 28 వ నాడు నలిపి బలము కొలుచుట మాత్రమే చాలదు. ఉప్పు దూరు గుణమునుకూడ పరీక్షించి, ఫలితమును పంచాయతీ గోడపై ప్రకటింపవలెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాలయు, విజయనగరమున గురజాడవారి పేరున వెలసిన సాంకేతిక విశ్వవిద్యాలయమును ఈ పరీక్షల భారమును స్వీకరింపదగినవి. బియ్యపు మరలవారు కూడి, వేడిమి కొలుచుకొను పొయ్యి యొక్కటి నెలకొల్పి, ఆ బూడిదను ఈ పరిశోధనాలయములకు పంపి గుణము నిర్ణయింపజేసికొనవలెను. భూస్వాములు తమ వడ్ల ధరనే కాక తమ ఊక విలువనుకూడ విచారింపవలెను. ఇల్లు కట్టించు గృహస్థు మేస్త్రిని ఒక్క ప్రశ్న అడుగవలెను: “బస్తాకు ఎన్ని లీటర్ల నీరు పోయుచున్నావు?”

ఆ ప్రశ్న అడుగుటకు వెల లేదు. దానికి సరియైన సమాధానము వచ్చిననాడు ఐస్లాండువారి కొలిమిపొగయైనను, మన యూకబూడిదయైనను తన పని తాను చేయును. రానినాడు ఏ దేశపు మందును మన కప్పును నిలుపలేదు. తీరమున కట్టిన ఆశ్రయభవనమున ఒక తల్లి బిడ్డను పొదివికొని తుపాను రాత్రి గడుపునప్పుడు ఆమె తలపైని కాంక్రీటులో నీరెంత, నిజాయితీ యెంత అను లెక్క ఆ రాత్రి తేలును. దానిని ముందుగనే తేల్చుకొనుట మన ధర్మము.